కనెజోని చంపని పుస్తకం

తూముకి బిరడా వేసేశాను. ఇక తొట్టి నిండటానికి గంట పడుతుంది, ఆ గంటలో కనెజో రావాలి, రాకపోతే ఇక ఎప్పటికీ రాడన్నమాట. మా నుకజావా ఊట తొందరపడే రకం కాదు, కొండ కడుపులో ఎవరో ముసలావిడ కూర్చుని చెంబుతో తోడి పోస్తున్నట్టు వెదురు గొట్టంలోంచి గుక్కగుక్కగా వస్తుంది, వేడి మాత్రం అత్తగారి మాటంత వేడి. అడుగు చెక్కలు తడిశాయి, మడమలు మునిగాయి, నేను మొలకి తువ్వాలు చుట్టుకుని ఈ ఖాళీ తొట్టి మధ్యలో, ఎదుటివాడు రాక బరిలో ఒంటరిగా మిగిలిపోయిన వస్తాదులా కూర్చున్నాను. నా సగం తోమాను. వాడి సగమూ నేనే తోమాను. ఈ ఊళ్ళో స్నానాల ఇల్లు కడిగే వంతులు జంటలుగా వేస్తారు, గుమ్మం పక్కన మేకులకి ఇద్దరిద్దరి పేర్ల చెక్కబిళ్ళలు కలిపి వేలాడతాయి, మా తాతలు దిగగొట్టిన మేకుకే నా బిళ్ళా కనెజో బిళ్ళా ఒకదాన్నొకటి రాసుకుంటూ నల్లబడ్డాయి. ఇద్దరికి చెడితే మా ఊళ్ళో అరుచుకోరు, కొట్టుకోరు, ఒక పొద్దున్న చూస్తే ఒక బిళ్ళ వేరే మేకుకి మారి ఉంటుంది, అంతే, ఎవరూ ఏమీ అనరు, అందరికీ తెలిసిపోతుంది. ఇందాక లోపలికి వస్తూ మా మేకు వైపు చూడకూడదనుకున్నాను. కుడికన్ను మాట వింది, ఎడమకన్ను చూసేసింది. వాడి బిళ్ళ ఉంది. ఉంటే మాత్రం ఏం, వాడు సెందాయ్ నుంచి దిగింది నిన్న సాయంత్రం బస్సుకే కదా, మార్చడానికి వ్యవధి ఏదీ?

నిన్న వాడింట్లో దీపం వెలిగింది. నాది ఎదురిల్లే, నా దీపమూ వాడికి కనిపించే ఉంటుంది. నేను టీ కాచాను, రెండు గిన్నెలు పెట్టాను, చల్లారాక రెండూ నేనే తాగాను, మళ్ళీ కాచాను. మంచు కరగకముందు కళ్ళకి శుక్లాలు తీయించుకుంటానని కూతురింటికి వెళ్ళినవాడు, చెర్రీపూలు పూసి రాలి వాగులో కొట్టుకుపోయాక తిరిగొచ్చాడు, వచ్చి ఎదురింటి గుమ్మం తొక్కలేదు. చిన్నప్పటి నుంచి వాడు ఎక్కడికి వెళ్ళొచ్చినా బూట్లు విప్పకుండా ముందు మా వంటింట్లోకే వచ్చేవాడు, మా ఆవిడ ఫుమి ఉన్నన్నాళ్ళూ దానికే తిట్లు తినేవాడు, ఫుమి పోయాక ఆ తిట్లు నేను తిడుతూ వచ్చాను, ఇంటి ఆనవాయితీ పోకూడదు కదా. మధ్యలో పుస్తకం వచ్చింది. నా పుస్తకం. ఊళ్ళోవాళ్ళకి నా చేత్తోనే ఇచ్చాను, బయటి ఊళ్ళవాళ్ళకి ప్రెస్సువాళ్ళే పోస్టులో పంపారు, కనెజోకి సెందాయ్ పంపారు. అప్పట్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మా వైపు ఎవరైనా గంపెడు పుట్టగొడుగులు పంపితే వాటిని కడగకముందే ఫోన్ చేసి అందాయని చెప్పాలి, చెప్పకపోతే అవి తిని పోయారనుకుంటారు. అలాంటిది ఒక మనిషి అరవైయేళ్ళుగా చెబుతున్న అబద్ధాలన్నీ అట్టవేసి పంపితే, అందిందన్న ముక్క లేదు.

వాడికి కోపం వచ్చింది. రాదా మరి? ప్రతి కథలోనూ వాడే. నా పేరు అట్ట మీద ఒక్కచోట ఉంటే వాడి పేరు లోపల వానచినుకుల్లా ఎక్కడ పడితే అక్కడే. కనెజో తుమ్మితే కొండ మీది మంచు జారి, ఊళ్ళోకి రోడ్డు శుభ్రపడి, బస్సు కంపెనీవాళ్ళు వాడికి జీవితాంతం ఉచిత పాసు ఇచ్చిన కథ. కనెజో వేసిన ముల్లంగి భూమిలోకి దిగి దిగి కొండకి అవతలవైపు తేలితే, అక్కడి వాళ్ళు పీకడం, ఇక్కడ కనెజో ఆకులు పట్టుకుని వేలాడటం. ఇక ఎలుగుబంటి కథ, అది చెబితే పసిపిల్లలు కూడా పాలు మానేసి వింటారు: పుట్టగొడుగులకి వెళ్ళిన కనెజోకి ఇరుకు దారిలో ఎలుగు ఎదురుపడింది, వాడు మర్యాదస్తుడు, ఎలుగూ మర్యాదగల ఇంట్లోనే పుట్టింది, ముందు తమరు అంటే అబ్బే ముందు తమరు అని ఇద్దరూ వంగి వంగి దండాలు పెట్టుకుంటుంటే పొద్దుగూకింది, చివరికి ఎలుగుకి నడుము పట్టేసి కూలబడితే కనెజోనే దాన్ని వీపున మోసుకొచ్చి ఈ తొట్టిలో దింపాడు, ఈ నీళ్ళు నడుంనొప్పికి మంచివన్న పేరు ఆ రోజునుంచే వచ్చింది. ఇవన్నీ ఈ తొట్టిలో వాడి ఎదురుగానే చెప్పినవి, మెడదాకా నీళ్ళలో కూర్చుని వాడు కళ్ళు మూసుకుని వినేవాడు, మరీ మించిపోతే అరచేత్తో నీళ్ళు నా మొహాన కొట్టేవాడు, అదే వాడి ఖండన. కానీ నోటి మాట ఆవిరితో కలిసి పైకప్పు సందుల్లోంచి పోతుంది. అచ్చుపడిన మాట ఎటు పోతుంది? అక్కడే కూర్చుంటుంది, తువ్వాలుతో తుడిచినా పోదు.

పిక్కలు మునిగాయి. కురమొచి ముందే ఈ మాట అంది, టోక్యో అమ్మాయి, ఒక పెద్ద ప్రచురణ సంస్థలో పనిచేసే పిల్ల. పట్నం సభాభవనంలో నేను కథలు చెబుతుంటే వెనక వరసలో కూర్చుని విని, తర్వాత బురదలో బూట్లు కూరుకుపోతే వాటిని చేత్తో పట్టుకుని మేజోళ్ళతో మా ఇంటికి నడిచొచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. కనెజో పెట్టిన ముల్లంగి ఊరగాయ పళ్ళెం ఖాళీచేస్తూ అడిగింది.

"ఇవి జరిగినవా, కల్పించినవా, హికొజీ తాతగారూ? దుకాణాలవాళ్ళు ఏ అరలో పెట్టాలని అడుగుతారు."

"చలికాలం చెబితే జరిగినవి, ఎండాకాలం చెబితే కల్పించినవి తల్లీ. అర అంటావా, వంటింటి అరలో పెట్టించు, ఊరగాయ జాడీ పక్కన."

నవ్వింది, మంచి పిల్ల, పళ్ళు దాచుకోకుండా నవ్వింది. పెద్ద సంస్థ అంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. అక్కడ పుస్తకాన్ని రాసినవాడు వేయడు, అచ్చువేసేవాడూ వేయడు, సమావేశం వేస్తుంది. వాళ్ళకి సమావేశం అనేది మా ఊరి కొండదేవత లాంటిది, ఎవరూ చూసినట్టు చెప్పరు, కోపం వస్తే మాత్రం అందరికీ తెలుస్తుంది. సమావేశం నా పుస్తకానికి 'మంచు కింద మందహాసం' అని పేరు పెట్టింది. అట్ట మీదకి ముడతలుపడ్డ చేతుల ఫొటో తెచ్చింది, అవి నా చేతులూ కావు, ఎవరివో వాళ్ళకీ తెలీదు. మా ఊరి మాట టోక్యోలో అర్థం కాదు, సాపు చేయాలంది. సాపు చేసిన భాషలో ఎలుగు దండం పెడితే కనెజో దానికి దారి ఇవ్వడమ్మా, పన్ను వసూలుకొచ్చిందనుకుని పరిగెత్తుతాడు అన్నాను. ఫోనులో దానికీ నవ్వింది, నవ్వి గొంతు తగ్గించింది.

"చివరి అధ్యాయంలో కనెజోగారు లేకపోతే బాగుంటుందని సమావేశంలో అన్నారు."

"లేకపోతే ఎక్కడుంటాడు?"

"అంటే... పోతే."

"పోతాడుగా అప్పుడప్పుడు, సెందాయ్ కూతురింటికి."

"తాతగారూ, చనిపోతే. పాఠకులు అంతసేపూ నవ్వి చివర్లో ఒక్కసారి ఏడిస్తే పుస్తకం పదిమందికీ చెబుతారట."

అది ఆ పిల్ల మాట కాదని గొంతులోనే తెలిసిపోయింది, చదవమని ఇచ్చిన కాగితం చదువుతున్నట్టుంది. మీ సమావేశంలో వాడి చేతి ఊరగాయ తిన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అని అడిగాను. నేను తిన్నాను, అంది. మరి నువ్వేమన్నావు? నేను కొత్తదాన్ని తాతగారూ, అంది. అంతటితో నాకు సమావేశం మీద కోపం పోయింది, ఆ పిల్ల మీద జాలేసింది. దేశమంతా దుకాణాల్లో నా పేరు ఉంటుందంటే ఆశ లేకపోలేదు, ఎందుకుండదు, చొక్కా తొడుక్కున్న ప్రతివాడికీ ఉంటుంది. కానీ వాడి ఇంటికి ఎదురుగా కూర్చుని, వాడు పంపిన కూర తింటూ, టోక్యోలో ఎవరో రైల్లో కూర్చుని కంట నీరు పెట్టుకోవడానికి వాడిని చంపడమా? వద్దులే తల్లీ, నా గింజలు నేనే దంచుకుంటాను అన్నాను. ఫోన్ పెట్టేముందు ఒక్క మాట చెప్పింది: బతికున్న మనిషిని అసలు పేరుతో వేస్తున్నారు, ఆయన్ని అడగండి, మా దగ్గరైతే అవన్నీ చూసుకోడానికి వేరే మనిషి ఉంటాడు. అలాగే అన్నాను. అడగలేదు. అడిగితే వాడు సిగ్గుపడి వద్దంటాడు, వద్దన్నాక వేయకూడదు, అందుకని అడగలేదు. తెలివైనపనే అనిపించింది అప్పుడు.

గోడకి అవతల ఆడవాళ్ళ వైపు బ్రష్షు చప్పుడు ఆగింది. మధ్యగోడ పైకప్పుదాకా ఉండదు, తోషి వదిన గొంతుకి అసలు గోడే ఉండదు.

"ఏం రచయితగారూ, ఒక్కరే తోముతున్నారా?"

"తోమడం అయిపోయింది వదినా. జతగాడే రాలేదు."

"పొద్దున్న చూశాన్లే కనెజోని. నల్లకోటు, నల్లబూట్లు, జుట్టుకి నూనె. వెనకనుంచి చూస్తే పెళ్ళికొడుకే. మీ ఇంటి వైపే వెళ్తున్నాడు, పిలిస్తే వినిపించుకోలేదు."

"నల్లకోటా? ఊళ్ళో పెళ్ళిళ్ళేమీ లేవే."

"చావులూ లేవు. ఏ ఆఫీసు పనో, కోర్టు పనో అయ్యుంటుంది. మీరేమైనా తగువు తెచ్చారా ఏమిటి?" అని నవ్వి, మళ్ళీ బర్రుబర్రున తోముకోవడం మొదలుపెట్టింది.

పొద్దున్న నేను ఇంట్లో లేను, వాడికిష్టమని కొండ చిగుళ్ళు కోసుకురావడానికి పోయాను. కోర్టు. మోకాళ్ళు మునిగాయి, నీళ్ళు ఇంత వేడిగా ఉన్నాయి, వెన్నులో మాత్రం చలి. కురమొచి చెప్పిన ఆ వేరే మనిషి ఇలాంటివాటికే ఉంటాడు కాబోలు, నల్లకోటు ఇంటికి రాకుండా చూసుకోడానికి. పెద్ద సంస్థ చెట్టు లాంటిది, పిడుగు ముందు దాని మీద పడుతుంది. సొంతంగా వేసుకున్నవాడు మైదానంలో గొడుగు పట్టుకుని నిలబడ్డట్టే. పుస్తకం బాగాలేదంటే వాళ్ళకైతే ఒకరినొకరు అనుకోడానికి మనుషులుంటారు, రాసినవాడు అట్టని అంటాడు, అట్టవాడు పేరుని అంటాడు, పేరు పెట్టినవాడు సమావేశాన్ని అంటాడు, నేను ఎవరిని అనాలి? అద్దంలో ఉన్న ముసలాడిని అనాలి, వాడికి చెవుడు.

అయినా అచ్చవుతున్నన్నాళ్ళూ ఎంత హాయిగా ఉందో. పట్నంలో ఒనోదెర ఆవిడ ప్రెస్సు, కాలెండర్లు, బడి వార్షికోత్సవాల పత్రికలు, శుభాశుభాల కార్డులు వేసే చిన్న కొట్టు. ఏ కాగితం కావాలని నా ముందు రకరకాలవి పరిచింది, బజార్లో తోఫూ నొక్కి చూసినట్టు అన్నీ నొక్కి చూశాను, ఆవిడ ఏమీ అనలేదు. అక్షరం ఎంత ఉండాలంటే, కనెజో కళ్ళకి ఆనేంత అన్నాను. కనెజో ఎవరని అడగలేదు, పెద్దక్షరం పెట్టింది. మీ పుస్తకం మీ ఇష్టం అనేది ప్రతిదానికీ, ఆ మాట చెవికి ఎంత చల్లగా ఉండేదో చెప్పలేను, పుట్టినప్పటినుంచి ఎవరూ నాతో ఆ మాట అనలేదు, ఫుమి అసలే అనలేదు. నాట్లు వేసే యంత్రం అమ్మి ఆవిడ బాకీ కట్టాను, ఎలాగూ నా నడుము ఇక నాట్లకి వంగదు. పెట్టెలు వచ్చాయి, ఫుమి పడుకునే గదిలో గోడవారగా పేర్చాను, రాత్రి కిటికీ మూయడానికి వెళ్ళినప్పుడల్లా ఒక పెట్టె మీద కూర్చునేవాణ్ణి, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు. తర్వాత తప్పులు కనిపించడం మొదలుపెట్టాయి. ఎలుగు మొదట్లో మగది, చివర్లో ఆడది అయిపోయింది, చూసి చెప్పేవాడు లేడు, కనెజో అంతసేపు దండాలు ఎవరికి పెట్టాడో ఇక లోకానికి తెలిసే వీలులేదు. ఊళ్ళోవాళ్ళు మాత్రం పద్ధతిగానే ఆడిపోసుకున్నారు, పెద్దాయన ఒకరు కిటికీ రెక్కకి ఎత్తు సరిపోయిందన్నాడు, తోషి వదిన పడుకోబోయే ముందు ఒక కథ చదువుతుందట, మందులేకుండా నిద్రపడుతోందని అందరికీ చెప్పింది. అవి మాటలు. అవి వినిపిస్తే పుస్తకం అందినట్టు. బయటి ఊళ్ళే ఊపిరి బిగబట్టాయి. మొరియోకాలో నాతో బడికొచ్చిన మాస్టారు, నీగాతాలో మరదలు, అందరూ నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు మౌనం. ఒక్కడు మాట్లాడకపోతే కోపం అనుకోవచ్చు. అందరూ మాట్లాడకపోతే? కథలు బాగాలేవు, అంతే. సమావేశమే గెలిచింది.

నడుము మునిగింది. ఇక ఆ పేజీ గురించి అనుకోక తప్పదు, ఇందాకట్నుంచి దాని చుట్టూ తిరుగుతున్నాను, పిల్లి వేడిపాల గిన్నె చుట్టూ తిరిగినట్టు. మిత్సు పోయిన ఏడాది. మిత్సు అంటే కనెజో భార్య. అంతా అయిపోయాక సాయంత్రం వాడు స్నానానికి వచ్చాడు, తొట్టిలో ఊరి మగవాళ్ళందరం ఉన్నాం, జరిగి చోటిచ్చాం. వాడు కూర్చుని మొహం కడుక్కోవడం మొదలుపెట్టాడు. కడుక్కుంటూనే ఉన్నాడు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు, వాడు కడుక్కుంటూనే ఉన్నాడు. అది కథగా నేను ఎవరికీ చెప్పలేదు, ఈ తొట్టిలో అసలే చెప్పలేదు. కానీ రాస్తుంటే చెయ్యి దానంతటదే రాసేసింది: కనెజో మొహం కడుక్కున్న రోజు తొట్టి పొంగి, నీళ్ళు మెట్లు దిగి, వాగు దాటి దిగువ ఊరి పొలాల్లోకి పోయాయి, ఆ ఏడు వాళ్ళు వాన కోసం చూడకుండానే నాట్లు వేశారు, ఆ పంట అన్నం ముద్దలకి ఉప్పు అద్దాల్సిన పని లేకపోయింది. కురమొచి అది తీసుకెళ్ళి సమావేశానికి చూపించింది. సమావేశానికి కావలసింది ఆ పేజీయే, దాన్ని చివరికి జరిపి, ఏడుపు ఇంకాస్త పెంచి, ఆ ఏడుపులోనే వాడిని పొమ్మంది. నేను ఎక్కడ రాశానో అక్కడే ఉంచాను, ముల్లంగి కథకీ తుమ్ము కథకీ మధ్య, ఎవరూ పెద్దగా చూడని చోట. వాడు చూడకుండా ఉంటాడా? కొత్తకళ్ళు. చూసే ఉంటాడు. అంతమంది మధ్య నీళ్ళ చాటున దాచుకున్నదాన్ని వీడు పెద్దక్షరాల్లో అచ్చేశాడు అనుకుని ఉంటాడు. ముల్లంగినీ ఎలుగునీ వాడు నా మొహాన నీళ్ళు కొట్టి వదిలేసేవాడే. దీనికి ఎన్ని నీళ్ళు కొట్టినా చాలవు.

బయటి తలుపు కిర్రుమంది. బట్టలు మార్చుకునే గదిలో అడుగులు. తోషి వదిన బ్రష్షు కూడా ఆగింది, ఆవిడకి చెవులు రెండే అయినా పదిమందివి. అడుగులు మేకుల దగ్గర ఆగాయి. బిళ్ళ చప్పుడవుతుందా? చెక్క చెక్కకి తగిలి టక్కుమంటుంది కదా, ఆ టక్కు కోసం చెవి రిక్కించి కూర్చున్నాను, ఛాతీ దాకా నీళ్ళు వచ్చింది కూడా గమనించలేదు. టక్కు వినపడలేదు, బూట్లు విప్పిన చప్పుడు. బొత్తాలు, ఎన్ని బొత్తాలో ఆ కోటుకి. లోపలి తలుపు జరిగింది, చల్లగాలితో ఆవిరి సుడి తిరిగింది, అందులోంచి కనెజో, తల మీద మడిచిన తువ్వాలు, చేతిలో పొడుగుకర్ర బ్రష్షు, నేలచూపులు చూస్తూ వచ్చాడు, ఏదో గొణుక్కుంటున్నాడు. తొట్టి అంచున వంగి నీళ్ళలో వేలు ముంచాడు.

"ఇదేంటి, నిండిపోయింది. ఎవరు కడిగారు?"

"నేనే," అన్నాను.

బ్రష్షు నేల మీద పడి దొర్లింది. కనెజో రెండు చేతులూ జోడించి, గట్టిగా కళ్ళు మూసుకుని బుద్ధుడి నామం అందుకున్నాడు, ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా.

"నేనేరా కనెజో!"

"తెలుసు. అందుకే చదువుతున్నా. వంతు ఎగ్గొట్టకూడదని వచ్చావా నాయనా? కడిగేశావుగా, ఇక వెళ్ళు. స్నానం చేసే వెళ్ళు, తొందరేం లేదు."

"ఎక్కడికి వెళ్ళమంటావు?"

"నాకేం తెలుసు, అటువైపు దారి చెప్పేవాళ్ళు ఉంటారంటారే, వాళ్ళని అడుగు."

"ఏమిటి గొడవ?" గోడ అవతల్నుంచి తోషి వదిన.

"హికొజీ, వదినా! ఇక్కడ తొట్టిలో ఉన్నాడు! అందరూ చూసి సాగనంపినవాడు!"

"ఎవరు సాగనంపారు? పొద్దున్నే మా ఇంటికొచ్చి ఉప్పు అడుక్కుపోయాడుగా."

కనెజో ఒక కన్ను తెరిచాడు. చన్నీళ్ళ బకెట్టు ఎత్తి నా నెత్తిన కుమ్మరించాడు.

"గాడిదా!" అని అరిచాను. "గడ్డకట్టి చస్తాను!"

"అంటే ఇంకా చావలేదా?" అని వాడు తొట్టి అంచున కూలబడ్డాడు. "నీ పుస్తకం నల్ల తెల్ల తాడు ముద్ర ఉన్న కాగితంలో వచ్చిందిరా. దాని మీద నీ పేరు. ఇంకేమనుకోమంటావు?"

ఎరుపు తెలుపు తాడు శుభానికి. నలుపు తెలుపు తాడు, మనిషి పోయి కర్మలన్నీ ముగిశాక వచ్చే తిరుగు కానుకకి. ఒకప్పుడు బూరెలు పంచేవాళ్ళు, ఇప్పుడు టీ పొడి పంపుతారు, తువ్వాళ్ళు పంపుతారు, నాలుగక్షరాలు రాసుకున్న ముసలాడు పోతే ఆ అక్షరాలే అచ్చువేయించి పంపుతారు. ఒనోదెర ఆవిడ దగ్గరికి ముసలాళ్ళ పుస్తకాలు వస్తే అందుకే వస్తాయి కాబోలు. బయటివాళ్ళకి ఎప్పటిలాగే కట్టి పంపేయమంటారా తాతగారూ అని అడిగింది, ఎప్పటిలాగే కట్టండమ్మా అన్నాను, ఎప్పుడెలా కడతారో అడగాలని నాకు తట్టలేదు, చచ్చినవాడు ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాడేమిటని ఆవిడకీ తట్టలేదు.

"మరి అందిందని ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"కర్మకానుకకి జవాబిస్తారట్రా ఎవరైనా? ఇస్తే ఆ ఇంట్లో చావు మళ్ళీ వస్తుంది. మిత్సు పోయినప్పుడు నువ్వే కదా నాకు చెప్పావు, ఎవరూ జవాబివ్వరు, ఎదురుచూడకు అని."

"ఫోన్ చేయొచ్చుగా!"

"చచ్చినవాడి ఇంటికి ఫోన్ చేస్తే ఎవడెత్తుతాడురా?"

గోడ అవతల తోషి వదిన నవ్వుకి నీళ్ళలో అలలు లేచాయని చెబితే నమ్మరు గానీ లేచాయి. నా లోపల ఏదో బిరడా ఊడినట్టయింది. జవాబివ్వకూడదు కాబట్టి ఇవ్వలేదు. మొరియోకా మాస్టారు, నీగాతా మరదలు, అందరూ నియమం తప్పని మంచి మనుషులు, నా ఇంట్లో రెండో చావు రాకూడదని నోరు కట్టుకుని కూర్చున్నారు, నేనేమో ఇక్కడ వాళ్ళని ఒక్కొక్కరినీ తిట్టుకుంటూ టీ కాచుకుంటున్నాను. మౌనం అంటే ఇన్నాళ్ళూ నాకు తెలిసింది ఒకటే రకం. ఇలాంటి రకం కూడా ఉందన్నమాట, నడుం వంచి, తల దించి, నా పుస్తకం ముందు కూర్చున్న మౌనం. నీళ్ళు భుజాల దాకా వచ్చాయి, ఎంత బాగున్నాయో, వేడి అంటే ఏమిటో ఇప్పుడే తెలిసినట్టుంది.

"టోక్యోవాళ్ళు నిన్ను చంపమన్నార్రా కనెజో," అన్నాను. "నేను ఒప్పుకోలేదు. మన పట్నం ప్రెస్సు మంచిదని ఇక్కడ వేయించాను. వీళ్ళు అడక్కుండానే నన్ను చంపేశారు."

"పొద్దున్న మీ ఇంటికి వెళ్ళాను," వాడు నీళ్ళలోకి దిగుతూ అన్నాడు. "తలుపు తీసే ఉంది. దేవుడి అరలో చూస్తే ఫుమి వదిన ఫొటో ఒక్కటే. రాత్రి దీపం చూసి నీ మేనల్లుడెవరో వచ్చి ఉంటున్నాడనుకున్నాలే, ఎంత పిసినారి, మావయ్యకి ఫొటో కూడా పెట్టలేదు అనుకున్నా. పొయ్యి మీద అన్నం వెచ్చగా ఉంది. తినడానికి మాత్రం బానే వండుకున్నాడు అనుకున్నా. వదినకే రెండు అగరొత్తులు వెలిగించా, ఒకటి నీదని చెప్పి." ఆగి, మొహమంతా చిట్లించి నన్ను చూశాడు. "నాకు కోపమొస్తోందిరా. నువ్వు పోయావనుకుని చదివాను. ఎలుగు దగ్గర మన్నించాను. ముల్లంగి దగ్గర మన్నించాను. ఆ తుమ్ము దగ్గర కూడా మన్నించాను. పోయినవాడి మీద ఏం పంతం అని. ఇప్పుడు బతికే ఉన్నావు. నా మన్నింపులన్నీ తిరిగిచ్చెయ్."

"అడక్కుండా నీ పేరు వేశాననా?"

"పట్టీ విప్పాక డాక్టరు ఏదైనా చదవమన్నాడు. చేతికి దొరికింది అదే. కొత్తకళ్ళతో మొదట చదివింది నా పేరే, అంత పెద్దక్షరాల్లో." గొట్టంలోంచి నీళ్ళు గుక్కగుక్కగా పడుతున్నాయి. తోషి వదిన వైపు ఒక్క చప్పుడు లేదు, ఆవిడకి కూడా మర్యాద తెలుసు. "ఆ నీళ్ళ పేజీ," అన్నాడు. "చూశావన్నమాట ఆ రోజు."

"చూశాను."

"చూసి ఒక్క మాటా అనలేదేం?"

"నేనూ మొహమే కడుక్కుంటున్నానురా."

వాడు తువ్వాలు తీసి నీళ్ళలో ముంచి పిండి మళ్ళీ తలమీద పెట్టుకున్నాడు. ఆ పని అవసరానికి మించి చాలాసేపు చేశాడు.

"నేను పోయానని ఏడ్చావా?" అని అడిగాను, అడగకుండా ఎలా ఉంటాను.

"కళ్ళు తడవకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు."

"మరి?"

"డాక్టరు మాట వినలేదని కూతురు తిట్టింది."

అప్పుడు ఇద్దరం నవ్వాం, కప్పు మీది కాకులు లేచిపోయాయి. వాడు మెడదాకా దిగి, కాళ్ళు చాపి, నా వైపు కాక ఆవిరి వైపు చూస్తూ అన్నాడు, ఆ గొంతు నాకు కొత్త, కాదు, నా గొంతే వాడి నోట్లో: "సెందాయ్‌లో పక్కింటాయన అడిగాడు, మీ స్నేహితుడి అంతిమయాత్ర ఎలా జరిగిందని. చూడలేదని చెప్పడానికి సిగ్గేసింది."

"ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను. ఊరేగింపు ముందువాళ్ళు గుడికి వెళ్ళి, భోంచేసి, తిరిగి ఇంటికొచ్చేసరికి, తోక ఇంకా మీ గుమ్మం దాటలేదన్నాను. మఠం గురువుగారికి మంత్రాలు చదివి చదివి గొంతు పోయింది. అప్పుడు పొలాల్లో కప్పలన్నీ తడిసిన మట్టి మీద వరసగా కూర్చుని మిగతాది అందుకున్నాయి. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అందులో ఒక ముసలి కప్ప..."

ఆగిపోయాడు. నేను కళ్ళు మూసుకుని, మెడదాకా నీళ్ళలో, ఆ కప్ప ఏం చేస్తుందో అని ఎదురుచూస్తున్నాను.

"ఊఁ కొట్టవేంరా?" అన్నాడు కనెజో. "ఆపేయమంటావా?"

"ఊఁ, ఊఁ," అన్నాను. "చెప్పు."